28బీవైజే-48 గేరు స్టెప్పర్ మోటారు: తిరగకపోయినా, తిరిగి తప్పు చోట ఆగినా ఏం చూడాలి

"మోటారు పోయిందండీ, కొత్తది కొనాలా?" అంటూ నా బల్ల మీదకు వచ్చిన 28బీవైజే-48లలో నిజంగా పోయినవి చాలా తక్కువ. స్టెప్పర్ అంటే అడుగు అడుగుగా (స్టెప్పులుగా) తిరిగే మోటారు. వెండి రంగు డబ్బీ, ఐదు రంగు వైర్లు, తెల్ల కనెక్టర్, పక్కన మోటారుకు కరెంటు అందించే యూఎల్‌ఎన్2003 డ్రైవర్ బోర్డు ఉండే ఈ జతను మీరు ఇప్పటికే ఒకసారైనా వాడి ఉంటారని అనుకుని రాస్తున్నాను. వైర్లు ఎలా గుచ్చాలో, లైబ్రరీ ఎలా ఎక్కించాలో చెప్పను. ఏ లక్షణం కనిపిస్తే దేన్ని అనుమానించాలో చెబుతాను.

ముందుగా గ్రౌండ్

మోటారుకు విడిగా 5 వోల్టుల అడాప్టర్ పెడతారు. మన కోడ్ నడిపే చిన్న బోర్డు ఆర్డుయినోకు కంప్యూటర్ నుంచి యూఎస్‌బీ వస్తుంది. రెండింటి మైనస్‌లనూ కలపరు. ఆపైన రెండు రోజులు కోడ్ మారుస్తూ కూర్చుంటారు. దయచేసి ఈ ఒక్కటీ అన్నిటికన్నా ముందు చూడండి: డ్రైవర్ బోర్డు మైనస్ నుంచి ఆర్డుయినో గ్రౌండ్ పిన్నుకు ఒక వైరు ఉందా? అది లేకపోతే డ్రైవర్ చిప్‌కు వచ్చే సిగ్నల్‌కు అర్థమే లేదు. బోర్డు మీది నాలుగు ఎల్‌ఈడీలు వెలగవు, లేదా ఎలా పడితే అలా మిణుకుమంటాయి. మోటారు మాట తర్వాత, ముందు ఎల్‌ఈడీలు వరసగా వెలుగుతున్నాయో లేదో చూడటం అలవాటు చేసుకోండి. అవి వెలగకపోతే తప్పు డ్రైవర్ బోర్డులోనో, దానికి ముందో ఉంది. వరసగా వెలుగుతుంటే ఆ తర్వాత ఉంది. సగం సమస్యలు ఈ ఒక్క చూపుతో విడిపోతాయి.

బోర్డు మీద ప్లస్ పక్కన ఉండే చిన్న జంపర్ (రెండు పిన్నులను కలిపే బుల్లి తొడుగు) ఊడిపోయినా ఇదే పరిస్థితి. ఆర్డర్ ప్యాకెట్లో రాలిపోయిన జంపర్లను చాలానే చూశాను.

లక్షణం: ఎల్‌ఈడీలు వెలుగుతున్నాయి, మోటారు గుయ్యిమంటోంది కానీ తిరగడం లేదు

చేత్తో పట్టుకుంటే వణుకు తెలుస్తుంది, షాఫ్ట్ మాత్రం కదలదు. లేదా కోడ్‌లో స్టెప్పుల సంఖ్య ప్లస్‌లో ఇచ్చినా మైనస్‌లో ఇచ్చినా ఒకే వైపు తిరుగుతుంది. ఇది పిన్నుల వరస తప్పు. ఆర్డుయినోతో వచ్చే స్టెప్పర్ లైబ్రరీకి ఒక కాయిల్ (మోటారు లోపలి తీగచుట్ట) రెండు కొసలూ పక్కపక్కనే కావాలి. మన బోర్డులో ఐఎన్1 నుంచి ఐఎన్4 వరకు ఉన్న వరస అలా ఉండదు, మధ్యలోవి రెండూ తారుమారు. మీరు 8, 9, 10, 11 పిన్నులకు వరసగా కలిపి ఉంటే కోడ్‌లో 8, 10, 9, 11 అని రాయాలి. వైర్లు పీకక్కర్లేదు. యాక్సెల్‌స్టెప్పర్ అనే ఇంకో లైబ్రరీకీ ఇదే మార్పు.

వరస సరిగానే ఉండీ వణుకుతుంటే వేగం ఎక్కువ పెట్టారన్నమాట. ఈ మోటారు 5 వోల్టుల మీద నిమిషానికి 10 చుట్లు హాయిగా తిరుగుతుంది. 15 దగ్గర అంచు మీద ఉంటుంది. ఫుల్ స్టెప్పులో (ఒక్కో అడుగు పూర్తిగా వేసే పద్ధతి, హాఫ్ స్టెప్పులో అందులో సగమే) స్టెప్పుకూ స్టెప్పుకూ మధ్య 2 మిల్లీసెకన్ల కన్నా తగ్గిస్తే లోపల తిరిగే రోటర్ అందుకోలేదు. వేగం కావాలంటే ఈ మోటారు వద్దు, అది దీని పని కాదు.

లక్షణం: బరువు పెట్టగానే ఆగిపోతోంది, లేదా బోర్డు రీసెట్ అవుతోంది

కరెంటు చాలడం లేదు. ఆర్డుయినో 5 వోల్టుల పిన్ను నుంచే మోటారును నడుపుతున్నారేమో చూడండి. ఖాళీగా తిప్పినప్పుడు అది పని చేస్తుంది, అందుకే అందరూ అక్కడే వదిలేస్తారు. 1 ఆంపియర్ ఇచ్చే మంచి అడాప్టర్ పెట్టండి, గ్రౌండ్ కలపండి. యూఎల్‌ఎన్2003 పాత తరం డార్లింగ్టన్ (ట్రాన్సిస్టర్లను జతగా కలిపిన) చిప్. దానిలోనే ఒక వోల్టుకు దగ్గరగా పోతుంది. అంటే మీరు 5 ఇస్తే మోటారుకు దక్కేది 4 చిల్లర. సన్నటి పొడవాటి కేబుల్ ఇంకొంచెం తినేస్తుంది. మోటారు తిరుగుతుండగా డ్రైవర్ బోర్డు ప్లస్, మైనస్‌ల మధ్య మల్టీమీటర్ పెట్టి చూడండి. అక్కడే 4.6 కనిపిస్తే కేబుల్ మార్చాల్సిందే.

ఇంకొకటి: ఇదే పేరుతో 12 వోల్టుల మోటారు కూడా అమ్ముతారు. డబ్బీ మీద రాసి ఉంటుంది, చదవండి. 12 వోల్టులదాన్ని 5తో నడిపితే ప్రాణం లేనట్టు తిరుగుతుంది. 5 వోల్టులదాన్ని 12తో నడిపితే కాసేపటికి చెయ్యి పెట్టలేరు.

లక్షణం: ఆగి ఉన్నా వేడెక్కుతోంది

ఆగినప్పుడు కూడా కాయిల్స్‌లో కరెంటు పారుతోంది. స్టెప్పర్ లైబ్రరీ తనంతట తాను ఆపదు. కదలిక అయ్యాక కోడ్‌లో నాలుగు పిన్నులనూ "లో" (LOW, అంటే సున్నా) చేయండి. "మరి పట్టు పోదా?" అని అడుగుతారు. గేర్లు ఉన్నాయి కాబట్టి కరెంటు లేకున్నా షాఫ్ట్ తనంతట తాను నిలబడే పట్టు డేటాషీట్ (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) లెక్కన 34 మిల్లీన్యూటన్ మీటర్ల పైనే ఉంటుంది. తేలికపాటి ముల్లుకీ చిన్న పళ్ళేనికీ అది ధారాళంగా సరిపోతుంది.

లక్షణం: బాగానే తిరుగుతోంది, కానీ రోజులు గడిచేకొద్దీ స్థానం జరిగిపోతోంది

ఈ భాగం కోసమే అసలు రాయడానికి కూర్చున్నాను. నన్ను నెలల తరబడి తిప్పలు పెట్టింది ఇదే.

అమ్మకు ఉదయం మాత్రలు, రాత్రి మాత్రలు వేరు వేరు. వేళకు ఆమెకు గుర్తుండదని ఒక మాత్రల డబ్బా చేశాను. గుండ్రటి పళ్ళెంలో 14 అరలు, వారానికి సరిపడా. పైన మూతకు ఒక కిటికీ. వేళ అవగానే మోటారు ఒక అర జరుపుతుంది, కిటికీలో ఆ పూట మాత్రలు కనిపిస్తాయి. మొదటి వారం ముచ్చటగా పని చేసింది. నెల దాటాక ఒక రోజు అమ్మ ఫోన్ చేసి, "కిటికీలో గోడ కనిపిస్తోందిరా" అంది. వెళ్ళి చూస్తే రెండు అరల మధ్య ఉండే పలుచటి అడ్డగోడ కిటికీ అంచులోంచి లోపలికి వచ్చేసింది. ఇలాగే ఇంకొన్ని వారాలు వదిలేస్తే ఉదయం మాత్రలు, రాత్రి మాత్రలు రెండూ ఒకేసారి కనిపిస్తాయి. నాకు చెమటలు పట్టాయి. బీపీ మాత్ర రెండు సార్లు వేసుకుంటే ఏమవుతుందో తెలుసు కదా.

నా లెక్క ఇది: ఒక చుట్టుకు 2048 స్టెప్పులు, 14 అరలు. 2048ని 14తో భాగిస్తే 146.28. కోడ్‌లో పూర్ణాంకాలే వాడాను కాబట్టి అరకు 146 వెళ్తోంది. 14 అరలకు 2044. అంటే చుట్టుకు 4 స్టెప్పులు తక్కువ పడుతున్నాయి, దొంగ దొరికాడు అనుకున్నాను. వెంటనే లెక్క సరిచేశాను. భిన్నం మిగలకుండా, 14 అరలకు కచ్చితంగా 2048 వెళ్ళేలా. పళ్ళేన్ని సర్ది ఇంటికి వచ్చేశాను.

ఈసారి మూడు వారాలకే గోడ కనిపించింది.

తప్పు సరిచేస్తే తేడా తగ్గాలి కదా, పెరిగింది. అప్పుడు స్టెప్పులు తప్పిపోతున్నాయి అనుకున్నాను. వేగం సగానికి తగ్గించాను. అడాప్టర్ మార్చాను. చివరికి మోటారే మార్చాను. ఏమీ మారలేదు. నేను చూడకుండా వదిలేసిన ఆనవాలు ఒకటి మొదటి రోజు నుంచీ కళ్ళ ముందే ఉంది: పళ్ళెం వెనకబడటం లేదు, ముందుకు పోతోంది. స్టెప్పులు తప్పితే వెనకబడాలి. ముందుకు పోతోందంటే నేను అడిగిన దానికన్నా మోటారు ఎక్కువ తిరుగుతోంది.

అసలు కారణం గేర్లలో ఉంది. డేటాషీట్‌లో 1/64 అని ఉంటుంది, అంటే లోపలి రోటర్ 64 చుట్లు తిరిగితే బయటి షాఫ్ట్ ఒక చుట్టు. డబ్బీ విప్పి పళ్ళు లెక్కపెడితే కథ వేరు. పెద్ద చక్రాలకు 32, 22, 26, 31 పళ్ళు. వాటిని తిప్పే చిన్నవాటికి 9, 11, 9, 10. పెద్దవాటిని గుణించి చిన్నవాటి లబ్ధంతో భాగిస్తే వచ్చేది 64 కాదు, 63.684. లోపలి రోటర్ ఒక చుట్టుకు 32 ఫుల్ స్టెప్పులు వేస్తుంది. కాబట్టి బయటి షాఫ్ట్ ఒక చుట్టుకు కావాల్సినవి 2037.886 స్టెప్పులు. మనం 2048 ఇస్తే అది 361.79 డిగ్రీలు తిరుగుతుంది. చుట్టుకు 1.79 డిగ్రీల అదనం అన్నమాట.

ఇప్పుడు నా మొదటి లెక్క చూడండి. పూర్ణాంకాల వల్ల 4 స్టెప్పులు తగ్గాయి, గేర్ల వల్ల 10 పెరిగాయి. ఒక తప్పు ఇంకో తప్పును కొంత కప్పేసింది, వారానికి 1.08 డిగ్రీలు మాత్రమే బయటపడింది. నేను మొదటి తప్పును తీసేయగానే రెండోది 1.79తో పూర్తిగా బయటికొచ్చింది. రెండు తప్పులు ఎదురెదురుగా ఉన్నప్పుడు ఒకదాన్ని సరిచేసినవాడికి తాను చేసిన మంచి పనే చెడ్డగా కనిపిస్తుంది. అందుకే దీన్ని పట్టుకోవడం అంత కష్టమైంది.

గడియారం చేసేవాళ్ళకు ఇది ఇంకా త్వరగా తగులుతుంది. నిమిషాల ముల్లు గంటకు ఒక చుట్టు. 2048 లెక్కన నడిపితే గంటకు 18 సెకన్లు, రోజుకు 7 నిమిషాలు ముందుకు పోతుంది. వాళ్ళు గడియారం చిప్‌ను అనుమానిస్తారు. చిప్‌లో తప్పేమీ ఉండదు.

మీ మోటారు ఏ రకమో తేల్చే పరీక్ష

అన్ని మోటార్లూ ఇలాగే ఉండవు. కచ్చితంగా 64 ఉన్న గేర్లతో వచ్చేవీ ఉన్నాయి, బయట నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. కాబట్టి నెట్‌లో చదివి నమ్మకండి, నేను చెప్పానని కూడా నమ్మకండి, కొలవండి.

షాఫ్ట్‌కు ఒక అట్టముక్క ముల్లు బిగించండి. కింద కాగితం మీద దాని మొన దగ్గర మార్కర్‌తో గీత పెట్టండి. వేగం నిమిషానికి 10 చుట్లు, మోడ్ ఫుల్ స్టెప్పు. 2048 స్టెప్పుల చొప్పున 100 సార్లు ఒకే వైపు తిప్పండి. పది నిమిషాలు పడుతుంది, టీ తాగి రండి. ముల్లు గీత మీదకే వచ్చి ఆగితే మీది 64 రకం. గీతకు దాదాపు ఎదురుగా, అర చుట్టు అవతల ఆగితే 63.684 రకం. లెక్క ప్రకారం 178.7 డిగ్రీలు రావాలి. ఒకే చుట్టు తిప్పి చూస్తే ఆ రెండు డిగ్రీలను కంటితో పట్టుకోవడం కష్టం. 100 చుట్లకు అది దాచుకోలేదు.

ఈ పరీక్షలో ఒక జాగ్రత్త. ఆర్డుయినో ఊనోలో 204800 అని ఒకేసారి ఇవ్వకండి. స్టెప్పర్ లైబ్రరీ తీసుకునేది 16 బిట్ల సంఖ్య, దానిలో అంత పట్టదు. నాలుగు చుట్లు తిరిగి ఆగిపోతుంది, మీరు మోటారును తిట్టుకుంటారు. 2048ని లూప్‌లో 100 సార్లు పిలవండి.

ముల్లు ఈ రెండు చోట్లా కాకుండా ఇంకెక్కడో ఆగితే, పరీక్ష మళ్ళీ చేయండి. రెండోసారి ఇంకో చోట ఆగితే అప్పుడు స్టెప్పులు తప్పుతున్నట్టు. వేగం, కరెంటు చూడండి. రెండుసార్లూ ఒకే చోట ఆగితే మీ దగ్గరున్నది వేరే గేర్ల మోటారు. ఎన్ని డిగ్రీలు జరిగిందో కొలిచి మీ నిష్పత్తి మీరే కట్టుకోండి.

లెక్క సరిచేయడం

లైబ్రరీ మొదట్లో ఇచ్చే 2048ని 2038 చేస్తే అయిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆ సంఖ్య ముఖ్యంగా వేగం లెక్కకే, మోటారు ఎంత తిరగాలో అది తేల్చదు. ఎన్ని స్టెప్పులు వేయాలో మీరు పిలిచే చోట చెప్పేదే లెక్క. అక్కడ మార్చాలి.

చుట్టుకు 2038 అని గుండ్రంగా పెట్టుకుంటే చాలా పనులకు సరిపోతుంది. తేడా చుట్టుకు 0.02 డిగ్రీలకు పడిపోతుంది. గడియారానికి మాత్రం అదీ రోజుకు దాదాపు 5 సెకన్లు, నెలకు రెండున్నర నిమిషాలు. అసలు తేడాయే లేకుండా చేసే దారి ఉండగా ఇంత వదులుకోవడం ఎందుకు?

పళ్ళ సంఖ్యలన్నీ పూర్ణాంకాలే కాబట్టి నిష్పత్తి కూడా చక్కటి భిన్నం: 25792/405. బయటి షాఫ్ట్ 405 చుట్లు తిరిగితే స్టెప్పులు కచ్చితంగా 825344. మిగులు లేదు. చేయాల్సిందల్లా, ప్రతిసారీ "ఇంకో ఇన్ని స్టెప్పులు" అని కలుపుకుంటూ పోకుండా, మొదటి నుంచి ఎంత దూరం రావాలో ప్రతిసారీ కొత్తగా లెక్కకట్టడం. నా డబ్బాకు 14 అరలు. కాబట్టి మొదటి నుంచి లెక్కపెడితే n-వ అర స్థానం n × 412672 / 2835. ఇప్పటివరకు వేసిన స్టెప్పులను దానిలోంచి తీసేస్తే ఇప్పుడు వేయాల్సినవి వస్తాయి. ఒక అరకు 145, ఇంకో అరకు 146, అలా తనే సర్దుకుంటుంది. తేడా ఎప్పుడూ ఒక స్టెప్పు దాటదు, అంటే 0.18 డిగ్రీ లోపే. n విలువ 2835కు చేరగానే n, స్టెప్పుల లెక్క రెండూ సున్నా చేయండి. అక్కడ మిగులు లేదు కాబట్టి ఏమీ పోదు. ఈ సంఖ్యలను 32 బిట్ల లాంగ్‌లో పెట్టండి, 16 బిట్ల ఇంట్ (int) రకంలో పెడితే మొదటి అడుగులోనే చెడుతుంది. యాక్సెల్‌స్టెప్పర్ వాడితే దాని మూవ్‌టూ (moveTo) ఆదేశానికి ఈ స్థానం నేరుగా ఇవ్వొచ్చు. హాఫ్ స్టెప్పులో నడిపేవాళ్ళు భిన్నంలో పైనున్న 412672ను రెట్టింపు చేసుకోవాలి, అప్పుడు లాంగ్‌లో పట్టదు కాబట్టి అన్‌సైన్డ్ లాంగ్ వాడాలి.

ఇలా మార్చాక మోటారు వెనక డబ్బీ మీద 63.684 అని మార్కర్‌తో రాసిపెట్టాను. ఇప్పుడు నా దగ్గరున్న ప్రతి మోటారు మీదా ఆ సంఖ్యో, 64 అనో ఉంటుంది.

లక్షణం: ముందుకు వెళ్ళినప్పుడు ఒక చోట, వెనక్కి వచ్చినప్పుడు ఇంకో చోట ఆగుతోంది

ఇది గేర్ల మధ్య వదులు. ప్లాస్టిక్ గేర్లు నాలుగు జతలు ఉన్నప్పుడు అది ఉండి తీరుతుంది, తీసేయలేరు. మీ మోటారులో ఎంత ఉందో అట్ట ముల్లుతో చూసుకోండి. తర్వాత ఎప్పుడూ ఒకే వైపు నుంచి స్థానానికి చేరండి. వెనక్కి రావాల్సినప్పుడు కావాల్సిన దానికన్నా 50 స్టెప్పులు వెనక్కి పోయి, మళ్ళీ ముందుకు వచ్చి ఆగండి. 50 స్టెప్పులంటే దాదాపు 9 డిగ్రీలు, మామూలు వదులుకు అది చాలు.

లక్షణం: కరెంటు పోయి వస్తే అంతా తప్పు

ఈ మోటారుకు తానెక్కడ ఉందో తెలియదు. మన ఇళ్ళలో కరెంటు పోకుండా ఉండదు. పళ్ళెం అంచున చిన్న అయస్కాంతం, పక్కన దాన్ని పసిగట్టే హాల్ సెన్సర్ పెట్టి, ఆన్ అవగానే ముందు సున్నా స్థానం వెతుక్కునేలా రాయండి. అమ్మ డబ్బాకు ఇదీ పెట్టాను. మాత్రల లాంటి విషయంలో లెక్క ఎంత సరిగా ఉన్నా సెన్సర్ లేకుండా ఇంట్లో పెట్టకండి. సెన్సర్ ఉంది కదా అని నిష్పత్తి వదిలేయకండి. చుట్టు చివరి అరల్లో తేడా అలాగే ఉంటుంది, సున్నా దగ్గర మాత్రమే సరిపడుతుంది.

చేత్తో షాఫ్ట్ తిప్పి సున్నాకు తెచ్చుకుందామని మాత్రం అనుకోకండి. గేర్లు విరిగేది అలాగే.

అరుదుగా తగిలేవి

అర చుట్టే తిరుగుతుంటే కోడ్ హాఫ్ స్టెప్పులో ఉండి లెక్క ఫుల్ స్టెప్పుదై ఉంటుంది. నాలుగింతలు తిరుగుతుంటే అది 1/16 గేర్ల మోటారు. పళ్ళెం మాత్రమే జారుతుంటే షాఫ్ట్‌కూ పళ్ళేనికీ కలిపి ఒకే గీత గీయండి. గీత విరిగినట్టు కనిపిస్తే బిగింపు వదులు. ఒక కాయిల్ తెగిందని అనుమానమైతే ఎరుపు వైరు నుంచి మిగతా నాలుగింటికీ ఓమ్స్ కొలవండి, నాలుగూ దాదాపు ఒకటే రావాలి. అంతే, ఇంతకన్నా లోతుగా వెళ్ళక్కర్లేదు.

ప్రతి చుట్టులో ఒకే చోట టక్కుమంటుంటే గేరు పన్ను విరిగింది. విడి గేర్లు నాకైతే ఎక్కడా దొరకలేదు. కొత్త మోటారు తెచ్చుకోండి. బిగించే ముందు 100 చుట్ల పరీక్ష దానికీ చేయండి, పాతది 63.684 అయినా కొత్తది 64 కావచ్చు.